సుంగై సుమున్ కత్తులూ, మన జేబు చాకూ

సుంగై అంటే మలాయి భాషలో ఏరు. ఈ దేశంలో ఏటి పేరు పెట్టుకున్న ఊళ్ళు కోకొల్లలు. సుంగై సుమున్ వాటిలో ఒక చిన్న ఊరు. కౌలాలంపూర్ నించి కారులో కౌలా సెలంగోర్, సబాక్ బెర్నామ్ దాటి, బెర్నామ్ నది వంతెన ఎక్కి దిగితే పేరాక్ రాష్ట్రంలో పడతాం. అక్కణ్ణించి హుతాన్ మెలింతాంగ్ చేరుకుని, బాగాన్ దాతోక్ వైపు సముద్రానికి పోయే రోడ్డు పట్టుకుంటే దారిలో తగులుతుంది. ఉత్తరాన పేరాక్ నది, దక్షిణాన బెర్నామ్ నది, పడమట మలక్కా జలసంధి. మధ్యలో బల్లపరుపు నేల, తోటల మధ్య కాలవలు, ఎటు చూసినా కొబ్బరి, పామాయిల్ చెట్లు. గౌతమికీ వసిష్ఠకీ నడుమ ఉన్న మన కోనసీమని ఎవరైనా ఎత్తి తెచ్చి ఇక్కడ దించారా అనిపిస్తుంది. కాకపోతే కోనసీమలో కాఫీ ఇంత తియ్యగా ఉండదు.

2017లో బాగాన్ దాతోక్ విడి జిల్లా అయినప్పటి నించీ సుంగై సుమున్ ఆ జిల్లాలో ఉంది. ఈ ప్రాంతం తెలుగువాళ్ళకి కొత్త కాదు. 1938లో భారత ప్రభుత్వం కూలీల వలసని ఆపేదాకా, కంగాణీల వెంట విశాఖపట్నం వైపు నించీ గోదావరి వైపు నించీ వచ్చి ఇక్కడి తోటల్లో పనికి కుదురుకున్నవాళ్ళు ఎందరో. 1955లో మలయా ఆంధ్ర సంఘం పేరుతో మొదలైన సంస్థ ఇవాళ మలేసియా తెలుగు సంఘం. 1981లో కౌలాలంపూర్‌లో రెండవ ప్రపంచ తెలుగు మహాసభలు జరిగాయంటే దాని వెనక ఈ తోటల జనం మూడు తరాలుగా భాషని వదలకుండా పట్టుకుని ఉండడం ఉంది. మనం డిగ్రీ కాగితాలు చంకన పెట్టుకుని విమానం దిగినవాళ్ళం. వాళ్ళ తాతలు ఓడ దిగితే తోటవాళ్ళు చేతికిచ్చింది కత్తి. అంచేత కత్తి గురించి ఏదైనా అడగాలంటే ఇటే రావాలని నాకు తోచింది.

అడగవలసిన అవసరం ఏమిటంటారా? నాకు చాకుల పిచ్చి ఉందని మన సంఘంలో అందరికీ తెలిసిపోయింది. దాంతో ఈ ఏడాది ముగ్గురు నన్ను ఒకే ప్రశ్న అడిగారు: "జేబులో పెట్టుకోడానికి ఏ చాకు మంచిది?" మొదటి ఆయన ఇంజనీరు. ఆయన ఉండే వీధిలో మోటారు సైకిలు మీద వచ్చినవాళ్ళు ఎవరిదో సంచీ లాక్కుపోయారట, అంచేత కారులో ఒకటి ఉంచుకుందామని ఆయన ఆలోచన. రెండో ఆవిడ డాక్టరు. ఆస్పత్రిలో మధ్యాహ్నం జామకాయ కోసుకోవడానికి కావాలంది. మూడోవాడు పదహారేళ్ళ కుర్రాడు. కంప్యూటరులో ఏదో నల్లటి మడత కత్తి చూశాడు, ఒంటిచేత్తో టక్కున తెరుచుకునేది. ఎందుకురా అంటే "ఊరికే, అంకుల్" అన్నాడు. మాట ఒకటే గాని ఇవి మూడు వేరు వేరు ప్రశ్నలు. మూడింటికీ ఒకే జవాబు చెప్పి పంపేస్తే నేను పెద్దమనిషిని అనిపించుకోను.

సుంగై సుమున్‌లో ముందు చూసింది పామాయిల్ గెల కోసే పని. చెట్టు పొట్టిగా ఉన్నంతకాలం ఉలి లాంటి వెడల్పాటి పలుగుతో మట్ట కాడనీ, గెల కాడనీ ఒక్క పోటుతో తెంచుతారు. చెట్టు ఎదిగాక పొడుగాటి అల్యూమినియం గొట్టం చివర కొడవలి బిగించి, కింద నిలబడి లాగుతారు. గెల ఇరవై కిలోల పైన కూడా తూగవచ్చు. అది పడే చోట మనిషి ఉండకూడదు, మట్ట పడే చోటా ఉండకూడదు. కత్తి ఆడించడం కన్నా కాలు ఎక్కడ పెట్టాలో తెలియడమే ఆ పనిలో పెద్ద విద్య. చెట్టు పాతికేళ్ళకి కొడవలికి అందనంత ఎత్తు పోతుంది, దాన్ని పడగొట్టి కొత్త మొక్క పాతుతారు. మలేసియా పామాయిల్ బోర్డు వాళ్ళు మోటారుతో నడిచే కొడవలి కూడా తయారు చేశారు, కాంతాస్ అని పేరు. అది ఉన్నా పాత కొడవలి పోలేదు. పని కాగానే ఆ కొడవలి వాదరకి చీల్చిన రబ్బరు గొట్టం తొడిగి గాని సైకిలు ఎక్కరు. నేను గమనించిన మొదటి సంగతి ఇదే. వాడుతున్నప్పుడే కత్తి, తక్కిన సమయంలో అది మూట.

కొబ్బరి సంగతి మనకి తెలిసిందే. పొడుగాటి గెడకి కొడవలి కట్టి కాయ దింపుతారు, నేలలో నిలబెట్టిన మొనదేలిన ఇనుప ఊచ మీద పీచు ఒలుస్తారు. మన గోదావరి లంకల్లో గునపం పాతి ఒలిచే పద్ధతే. ఒక పదేళ్ళ పిల్లవాడు అక్కడ నిలబడి చూస్తున్నాడు గాని వాడిని ఊచ దగ్గరికి రానివ్వడం లేదు. కోతికి కొబ్బరికాయ దొరకనివ్వకూడదు కదా అని నేనంటే నవ్వారు. సామెత వాళ్ళకీ తెలుసు.

రబ్బరు కత్తి గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఈ వైపు తోటల్లో ఒకప్పుడు రబ్బరు బాగా ఉండేది. పక్కనున్న జెందరాతా తోట 1906లో రబ్బరుతోనే మొదలైంది. రబ్బరు గింజలు బ్రెజిల్ నించి 1876లో లండన్‌లోని క్యూ తోటకి చేరాయి. మరుసటేడు సింగపూరుకు వచ్చిన మొక్కల్లో కొన్ని ఇదే పేరాక్ రాష్ట్రంలోని కౌలా కాంగ్సార్‌లో నాటారు. చెట్టుని చంపకుండా పాలు తీయడం ఎలాగో సింగపూరు వృక్షోద్యానం అధిపతి రిడ్లీ 1890ల్లో కనిపెట్టాడు. రబ్బరు వెయ్యండి, రబ్బరు వెయ్యండి అని కనిపించిన ప్రతి దొరకీ చెప్పి ప్రాణం తీస్తుంటే అతనికి "పిచ్చి రిడ్లీ" అని పేరు పెట్టారు. అతని పద్ధతిలో కిటుకంతా కత్తిలోనే ఉంది. బెరడు మీద ఏటవాలుగా గీత. ప్రతిసారీ ఆ గీత అంచున ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటరు మందాన మాత్రమే పొర తీయాలి. లోతు తగ్గితే పాలు రావు. లోతు ఎక్కువై, బెరడు కిందున్న పెరిగే పొరకి తగిలితే చెట్టుకి పుండు పడుతుంది, మళ్ళీ పెరిగే బెరడు కణుపులు కడుతుంది, ఆ చోట ఇంక గీయడానికి పనికిరాదు. ఇదంతా ఎండెక్కితే పాలు తగ్గిపోతాయని తెల్లారకముందే, తలకి దీపం కట్టుకుని చేసే పని. చీకట్లో, దోమల్లో, వందలకొద్దీ చెట్ల మీద, మిల్లీమీటరు లెక్కన కత్తి ఆడించారు మనవాళ్ళు. వాళ్ళని అప్పటి కాగితాల్లో నైపుణ్యం లేని కూలీలని రాశారు. ఏమనాలి?

ఇక పారాంగ్. ఇది మలాయిల మచ్చుకత్తి. మూరెడు పొడుగు, మొన వైపు బరువు, చెయ్యి విసిరితే కొమ్మ తెగుతుంది. ఇక్కడ ప్రతి ఇంటి వెనకా ఒకటి ఉంటుంది. పొదలు నరకడానికీ, కొబ్బరిబోండాం చెక్కడానికీ అదే.

ఇన్ని కత్తులు చూశాను గాని ఎవరి జేబులోనూ కత్తి లేదు. తోటపని చేసి రిటైరైన ఒక పెద్దాయన్ని అడిగాను, జేబులో ఉంచుకోవడానికి ఎలాంటిదైతే బావుంటుందని. ఆయన పుట్టింది ఇక్కడే, మాట మాత్రం శ్రీకాకుళం.

"జేబులో ఎట్టుకుని ఏటి కోస్తావు బాబూ?"

"పండో కాయో, తాడో, పార్సెలో."

"అయితే చిన్నది చాలదేటి?"

"దొంగ వస్తేనో తాతా?"

"దొంగొస్తే తలుపేసుకుని అరవాల. నువ్వు కత్తి తీసేవంటే ఆడూ తీస్తాడు. ఆడికి అలవాటు, నీకు లేదు."

నేను చదివిన పుస్తకాల్లో ఇంతకన్నా తెలివైన మాట చూడలేదు. అయినా వివరాలు కావాలి కదా, అవి చెబుతాను.

డాక్టరుగారి జామకాయకి, తాడుకి, ఉత్తరాల కవరుకి, పెన్సిలుకి: మడత చాకు, రెండున్నర అంగుళాల అలుగు, చాలు. మూడు అంగుళాలు దాటితే అది జేబులో బరువు, నలుగురిలో తీస్తే చూసేవాళ్ళకి బెదురు. స్విట్జర్లాండు చాకులు మనందరికీ తెలుసు. కార్ల్ ఎల్సెనర్ అనే కమ్మరి 1884లో ఇబాక్ అనే ఊళ్ళో దుకాణం పెట్టి, 1891లో స్విస్ సైనికులకి చాకులు ఇవ్వడం మొదలుపెట్టాడు. 1897లో తెచ్చిన ఆఫీసరు చాకే ఇవాళ్టి ఎర్రపిడి విక్టోరినాక్స్‌కి మూలం. మూసినప్పుడు 91 మిల్లీమీటర్లు ఉండే రకం మన అవసరాలకి సరిగ్గా సరిపోతుంది. డబ్బా మూత తీసేది, సీసా మూత తీసేది, మరలు తిప్పేది, అన్నీ అందులోనే. ఇరవై తొమ్మిది పనిముట్లున్నవి కొనకండి. అవి చాకులు కావు, జేబులో ఇనుప కొట్టు.

రెండోది ఫ్రాన్సు వాళ్ళ ఒపినెల్. సవోయ్ కొండల్లో 1890లో జోసెఫ్ ఒపినెల్ చేసిన రైతు చాకు. చెక్కపిడి, ఒకటే అలుగు, పిడి మెడ దగ్గర తిరిగే ఉంగరం. ఆ ఉంగరం 1955లో వచ్చింది. తిప్పితే అలుగు వేళ్ళ మీద ముడుచుకోకుండా నిలబడుతుంది. కూరలు, పళ్ళు కోయడానికి నా ఓటు దీనికే. కానీ మాట. దీనిలో రెండు రకాల ఉక్కు వస్తుంది. మామూలు కార్బను ఉక్కుకి పదును తొందరగా వస్తుంది, కాని సముద్రపు గాలి, చెమట, చింతపండు, నిమ్మకాయ తగిలితే మర్నాటికే నల్లబడుతుంది, తుడవకపోతే తుప్పు. ఈ దేశపు ఉక్కపోతలో తుప్పు పట్టని ఉక్కే తీసుకోండి. దాని చెక్కపిడి కూడా వానాకాలంలో ఉబ్బి, అలుగు బయటికి రానని మొరాయిస్తుంది. కాస్త నూనె పట్టించి ఆరబెడితే లొంగుతుంది.

పదును సంగతి మర్చిపోవద్దు. మొండి చాకే ప్రమాదం. తెగదు కనుక బలం పెడతాం, బలం పెడితే జారుతుంది. చిన్న సానరాయి ఒకటి ఇంట్లో ఉండాలి. రాయి తడిపి, అలుగుని రాయి మీద లంబకోణంలో సగంలో సగం కన్నా కాస్త తక్కువగా వాల్చి, ఆ వాలు మారకుండా రెండు వైపులా సమానంగా తొయ్యాలి. చూసుకోవడం కాగితం మీద, బొటనవేలి మీద కాదు. మన అమ్మమ్మలు కత్తిపీటకి పెట్టిన శ్రద్ధ పెడితే చాలు.

ఇక ఇంజనీరుగారి ప్రశ్న. దీనికి జవాబు తోటలో కాదు, చట్టంలో ఉంది. మలేసియాలో 1958 నాటి చట్టం ఒకటి ఉంది, ఆమ్లాలూ పేలుడు పదార్థాలూ ప్రమాదకరమైన ఆయుధాల గురించినది. అందులో ఆయుధం అంటే ఇది, అది అని జాబితా వేసి ఊరుకోలేదు. దాడికి వాడితే గాయం చేయగల పనిముట్టు ఏదైనా ఆయుధమే. ఆరవ సెక్షను ప్రకారం అలాంటిది న్యాయమైన కారణం లేకుండా బహిరంగ స్థలంలో దగ్గర ఉంచుకుంటే నేరం. శిక్ష అయిదేళ్ళకి తగ్గకుండా పదేళ్ళ దాకా జైలు, బెత్తం దెబ్బలు కూడా. వాడనక్కర్లేదు, దగ్గర ఉంటే చాలు. తోటకి పోయే మనిషి సైకిలుకి కట్టిన పారాంగ్‌కి కారణం ఉంది: తోట. అదే పారాంగ్ కౌలాలంపూర్‌లో కారు సీటు కింద దొరికితే ఏం చెబుతాం? "ఎవరైనా వస్తే కొడదామని పెట్టుకున్నానండీ" అంటే, అది కారణం చెప్పుకోవడం కాదు, నేరం ఒప్పుకోవడం. పని పాస్ మీద ఉన్న మనలాంటి వాళ్ళకి జైలొక్కటే కాదు, ఉద్యోగం, వీసా, పిల్లల చదువు అన్నీ ఆ సీటు కిందే ఉన్నాయి.

అయితే ఆత్మరక్షణ హక్కు లేదా? ఉంది. మలేసియా శిక్షాస్మృతికి మూలం 1860 నాటి మన భారత శిక్షాస్మృతే. సెక్షన్ల అంకెలతో సహా దిగుమతి అయింది. 96 నించి 106 దాకా ప్రాణానికీ ఆస్తికీ ఆపద వస్తే ఎదుర్కునే హక్కు గురించే. మన దేశంలో ఆ పాత స్మృతి పోయి, 2024 జూలై 1 నించి భారతీయ న్యాయ సంహిత వచ్చింది, అక్కడ ఇవే 34 నించి 44. ఇక్కడ మాత్రం పాత అంకెలే. అందులో 99వ సెక్షను ఒక గీత గీసింది: రక్షణకి అవసరమైనంత మించి హాని చేయకూడదు. ఆపద వచ్చినప్పుడు చేతికందిన దానితో కాచుకోవడం హక్కు. ఆపద వస్తుందేమోనని రోజూ కత్తి మోసుకు తిరగడం వేరు.

చట్టం పక్కన పెట్టినా లెక్క కుదరదు. సంచీ లాక్కునేవాడు మోటారు సైకిలు మీద క్షణంలో వచ్చి క్షణంలో పోతాడు. ఆ క్షణంలో జేబులోంచి చాకు తీసి, గోరుతో గాడి పట్టుకుని, రెండు చేతులతో తెరిచేసరికి వాడు రెండు వీధులు దాటతాడు. తాళం పడని మడత చాకుతో పొడవబోతే అది మన వేళ్ళ మీదే ముడుచుకుంటుంది. ఎదటివాడికి బలం ఎక్కువైతే చాకు చేతులు మారుతుంది. ఇంజనీరుగారికి నేను చెప్పింది ఇది: సంచీ రోడ్డు వైపు భుజానికి తగిలించవద్దు, కారు సీటు మీద బయటికి కనపడేలా పెట్టవద్దు, ఈల ఒకటి తాళాలగుత్తికి కట్టుకోండి, లాక్కుంటే వదిలెయ్యండి. ఆయనకి అంతగా రుచించలేదు. ఆయన అనుమానం ఆయనది. కాని పారాంగ్ కొనడం మానుకున్నాడు, అది చాలు.

కుర్రాడి ప్రశ్నే అన్నిటికన్నా కష్టం. పదహారేళ్ళ వయసులో చేతిలో చాకు ఉంటే పెద్దవాడినయ్యానని అనిపిస్తుంది. మా రోజుల్లో మామిడికాయ కోసి ఉప్పూ కారం అద్దుకోవడానికి, పెన్సిలు చెక్కుకోవడానికి పావలా చాకు జేబులో లేని కుర్రాడు లేడు. ఇంగ్లీషువాళ్ళు పెన్‌నైఫ్ అంటారు, ఒకప్పుడు ఈక కలాల మొన చెక్కుకునే చాకు కనుక ఆ పేరు. కోరిక తప్పు కాదు, చూసిన వస్తువు తప్పు. మీట నొక్కితే టక్కున తెరుచుకునే చాకు పండు కోయడానికి తయారైంది కాదు, మన సినిమాల్లో విలను చేతిలో రాంపురి చాకు లాగా ఎదటివాడిని బెదిరించడానికి తయారైంది. ఇంగ్లండులో అలాంటివాటి అమ్మకాన్ని 1959లోనే చట్టం చేసి ఆపేశారు. వాడికి నేను ఎర్రపిడి చాకు, సానరాయి కలిపి ఇచ్చాను. ఇంట్లో, తోటలో వాడుకోమన్నాను, బడికీ బజారుకీ వద్దన్నాను. ముందు పది రోజులు సాన పట్టడమే పని. విసుగెత్తి వదిలేస్తాడేమో అనుకున్నాను గాని, ఇప్పుడు వాళ్ళమ్మ కూరగాయల కత్తులన్నీ వాడే సాన పడుతున్నాడట.

ప్రయాణాల గురించి రెండు ముక్కలు. విమానంలో చేతిసంచీలో ఏ చాకూ పెట్టుకోవద్దు. 2001 సెప్టెంబరు 11 తరవాత ఆ ఆట కట్టింది. విమానాశ్రయం దుకాణాల్లో అమ్మకాలు పడిపోయి స్విస్ కంపెనీయే కష్టాల్లో పడింది. సింగపూరు వెళ్ళేటప్పుడు ఇంట్లోనే వదిలి వెళ్ళండి. మన దేశంలో ఆయుధాల నిబంధనలు తొమ్మిది అంగుళాల పొడుగు గాని రెండు అంగుళాల వెడల్పు గాని దాటిన కత్తుల గురించి మాట్లాడతాయి, ఇంటిపనికీ వ్యవసాయానికీ చేసినవాటిని మినహాయించి. అంచేత అమ్మ ఇచ్చిన కత్తిపీట పెద్ద పెట్టెలో పెట్టి తెచ్చుకోవచ్చు, అలుగుకి అట్ట చుట్టడం మరవకండి, సామాను తనిఖీ చేసేవాడి చెయ్యి కూడా చెయ్యే.

అన్నట్టు ఒక పని మిగిలింది. సుంగై సుమున్‌లో భోజనం పెట్టిన ఇంట్లో ముసలావిడ వక్కలు కత్తిరిస్తున్న అడకత్తెర చూపించింది. వాళ్ళమ్మ ఊరినించి తెచ్చుకున్నదట. ఇత్తడి పిడి అరిగి బొటనవేలి ఆకారం వచ్చేసింది. మేకు వదులై, నొక్కితే రెండు పళ్ళూ కలవడం లేదు, వక్క పక్కకి ఎగిరిపోతోంది. ఇక్కడ బాగు చేసేవాళ్ళు లేరు. కొత్తది కావాలి, గట్టిగా ఉండాలి, పిడి ఇత్తడిదే ఉండాలి అంది. ఈ సెలవులకి రాజమండ్రి వైపు గాని విశాఖ వైపు గాని వెళ్ళేవాళ్ళెవరైనా ఉంటే నాకు ముందుగా చెప్పండి, డబ్బు నేనిస్తాను. కొనేముందు వక్క ఒకటి పెట్టి నొక్కి చూడండి. పెద్ద పెట్టెలోనే పెట్టాలి సుమా.